శనివారాల్లో సెలీన్ గొంతు

శనివారం సాయంత్రం ఆరింటికి సెలీన్ గొంతు పోతుంది. అందుకని పాలామెతో చెప్పాల్సింది, చెల్లెలికి ఫోన్లో చెప్పాల్సింది, కూతురు ప్రిన్సీని తిట్టాల్సింది, అన్నీ ఆరులోపే ముగించుకుని, ఏడింటిదాకా రాగుల్లో రాళ్ళేరుకుంటూ గడప దగ్గర కూచుంటుంది. కోలారు బంగారు గనుల చాంపియన్ రీఫ్స్‌లో, కూలీలకని వరసగా కట్టిన ఆ లైనిళ్ళవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆ గంటలో ఎవరూ ఆమెను పలకరించి ఇబ్బంది పెట్టరు.

ఆ గంటసేపూ ఆమె గొంతు చర్చి వెనక గదిలో మొగుడు అమృతరాజు దగ్గర ఉంటుంది. తాగుడు మానినవాళ్ళు, మానాలనుకునేవాళ్ళు వారానికోసారి కూడి తమ కథలు చెప్పుకునే మీటింగ్ అది. అక్కడ ఎవరు లేచినా ఇంట్లో తమను భరించినవాళ్ళ గొంతే వస్తుంది. పెళ్ళయినవాళ్ళకు పెళ్ళాం గొంతు, పెళ్ళికాని చెన్నప్పకు వాళ్ళమ్మ గొంతు. గొంతు ఆడవాళ్ళది, మాటలు మాత్రం వీళ్ళ సొంతం.

ఆ మీటింగును వెతికి పట్టుకున్నదీ సెలీనే. పాస్టరు ప్రార్థన చెయ్యమన్నాడు. కోలారులో డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. తాగుడు మాన్పిస్తామని బస్టాండు గోడమీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. చివరికి పంక్చర్ షాపు రోనాల్డ్ చేతులు వణకడం మానేశాయని గమనించి, అతన్ని నిలబెట్టి అడిగింది.

"యాడికి పోతాండావు రోనాల్డన్నా? నిజం చెప్పు."

"ఈడనేమ్మా, చర్చి వెనకాల. రాజన్నను పంపించు. ఒగటే, నీ గొంతు ఒగ గంట పోతాది."

"పోనీన్నా. ఇన్నాళ్ళు ఉండి ఏం ఒరిగింది?"

అమృతరాజు వెళ్ళాడు, తాగుడు మానేశాడు. అందులో అబద్ధం లేదు. అబద్ధమంతా ఆయన చెప్పే కథలో ఉంది. ప్రిన్సీకి నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎడమ చెవి పోయిందనీ, కాలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని ఆస్పత్రిదాకా పరిగెత్తాననీ చెప్పేవాడు. అదంతా సెలీన్ గొంతుతో వింటుంటే మొండి మగాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు. ముళబాగిలు మీటింగువాళ్ళు కూడా పిలిపించుకుని చెప్పించుకున్నారు. రోనాల్డ్ నోట ఆ కథ విన్నప్పటినుంచి, ఇంట్లో నోరు పెగలక కూచున్న ఆ గంటంతా సెలీన్ రగిలిపోయేది.

ఆ జ్వరం కథను మొట్టమొదట ఆస్పత్రిలో చెప్పింది మాత్రం సెలీనే. కాపురం నిలవాలని చెప్పింది. ఇప్పుడది ప్రిన్సీ కాళ్ళకు చుట్టుకుంది. మైసూరులో డిప్లమా సీటు వచ్చింది, హాస్టలూ ఇచ్చారు, సోమవారం చేరకపోతే రెండూ పోతాయి. ప్రిన్సీ కదలనంటుంది.

"నేను పోతే నాయన మళ్ళా తాగుతాడుమా. నన్ను ఎత్తుకోని పరిగెత్తిన మనిషిని వదిలేసి ఎట్ల పోయేది?"

"అది జరం కాదు పాపా. మీ నాయన కొట్టినాడు."

"నన్ను పంపించేదానికి ఇంగ ఏమైనా చెప్తావు నువ్వు," అని ప్రిన్సీ తన చెవిటి పక్కను తల్లివైపు తిప్పుకుని కూచుంది.

ఆ శనివారానికి అమృతరాజు మానేసి ఏడాది. కేకు తెచ్చారు, ఇంటివాళ్ళనూ రమ్మన్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ గదిలో ఉంటే గొంతులు అటూ ఇటూ మారతాయి. రోనాల్డ్ పెళ్ళాం డయానా మొగుడి బొంగురు గొంతుతోనే అందరినీ టీ కావాలా అని అడుగుతూ తిరిగింది. అమృతరాజు లేచి, సెలీన్ గొంతుతో జ్వరం కథ ఎత్తుకున్నాడు. ముందు వరసలో ప్రిన్సీ కళ్ళు తుడుచుకుంది. అది చూసి సెలీన్‌కు ఇంక ఓపిక నశించింది. లేచి నిలబడింది.

"జరం రాలేదు," అంది అమృతరాజు గొంతుతో. "ఆదివారం మధ్యానం ఈ మనిషి తాగొచ్చి బిడ్డను కొట్టినాడు. జరమని ఆస్పత్రిలో అబద్ధం చెప్పింది నేను."

అమృతరాజు కుర్చీని తోసుకుని ముందుకొచ్చాడు. "ఒద్దు! ఒద్దు! బిడ్డ ఉండాది, ఒద్దు!" అని సెలీన్ గొంతుతో అరిచాడు.

పదమూడేళ్ళ కిందట ఆ ఆదివారం ఇదే గొంతు ఇవే మాటలు అరిచింది. ప్రిన్సీ ఎడమ చెవి చివరగా విన్నది వాటినే. ఆ పిల్ల చెయ్యి దానంతటది ఎడమ చెవి మీదికి పోయింది. చెవిని అలా మూసుకునే చాలాసేపు తండ్రివంక చూసింది. ఏడవలేదు.

సెలీన్ కూచోగానే అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడ ఎవరేం చెప్పినా కొడతారు, అలవాటు. కేకు మాత్రం ఎవరూ కొయ్యలేదు.

సోమవారం పొద్దున రైలుకు ప్రిన్సీ బయల్దేరింది. తండ్రి పెట్టె పట్టుకోబోతే ఇవ్వలేదు.

మంగళవారం అమృతరాజు తాగి వచ్చాడు. సెలీన్‌కు ఇది ముందే తెలుసు. ఆ ఇంట్లో బాగుపడితే ఒక్కరే బాగుపడాలి, ఎవరన్నది తేల్చుకునే ఆమె ఆ రోజు లేచింది.

బుధవారం ప్రిన్సీ ఫోన్ చేసింది. గది బాగుందని, హాస్టలు సాంబారులో ఉప్పే ఉండదని చెప్పి, అడిగింది.

"నాయన తాగుతాండాడామా?"

గోడ పక్కన అమృతరాజు సగం చాప మీద, సగం నేల మీద పడి ఉన్నాడు.

"లేదు పాపా. మీటింగుకు పోతానే ఉండాడు. నువ్వు చదువుకో," అంది సెలీన్.

గొంతు ఆమెదే. ఎక్కడా వణకలేదు.