మిట్టను చూసి కోసిన చైను

పొద్దున్నే రేవతి సైకిలెక్కి మిట్ట దిగిపోతుంది. పుంగనూరులో మందుల అంగడి తెరవాల్సింది ఆమే. దిగడానికేముంది, బ్రేకులు పట్టుకుంటే చాలు. సాయంత్రం ఎక్కడమే పెద్ద పని. సగం దూరం తొక్కి, మిగతా సగం ఆయాసపడుతూ తోసుకుంటూ ఇల్లు చేరుతుంది.

ఆ మిట్ట ఏటేటా పెరుగుతుంది మరి. మిట్ట మీది పల్లెలో పుట్టినవాళ్ళకి అదేం వింత కాదు. వానలు వెనకబట్టాక ఎంత లేచిందో చూసుకుని, దారి చెక్కుకోవాల్సిన చోట చెక్కుకుంటారు. బస్సు వాళ్ళు చేతులెత్తేసి చాలా కాలమైంది. మదనపల్లె మార్కెట్టుకి పోయే టమోటా క్రేట్లని కింది దాకా నెత్తిన మోసుకొచ్చి వ్యానెక్కిస్తారు.

పల్లెలో బడి అయిదో తరగతి వరకే. ఆరుకి పుంగనూరు పోవాలి. అట్లా పోయిన ఆడపిల్లలందరూ సాయంత్రం మిట్ట ఎక్కలేక, చీకటిపడి, ఇంట్లోవాళ్ళు భయపడి, నెల తిరక్కుండానే మానేశారు. రేవతి అక్క రెడ్డెమ్మ చదువూ అక్కడే ఆగిపోయింది. రేవతి మటుకు పుంగనూరులో మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంది. ఇప్పుడు ఆ మేనత్తా లేదు. రెడ్డెమ్మ కూతురు యమున ఈ ఏడు అయిదు పాసైంది.

"పాపని నా ఎనకాల కూర్సోబెట్టుకోని తెస్తా అక్కా," అంది రేవతి.

"నువ్వొక్కదానివే తోసుకోని వస్తాండావు. దాన్ని గూడా యాడ మోస్తావు మే?" అంది రెడ్డెమ్మ. ఆ మాట అంటున్నప్పుడు కూతురి వైపు చూడలేకపోయింది.

అక్క అన్నది నిజమే. అందుకే రేవతి సైకిలుకి గేర్లు పెంచాలనుకుంది. అది బెంగళూరు ఆయనెవరో వాడి అమ్మేసిన హైబ్రిడ్ సైకిలు. వెనక ఏడు గేర్లు. తొమ్మిది కావాలంటే వెనక చక్రం, గేరు బిళ్ళలు, చైను, హ్యాండిల్ మీది మీట అన్నీ మార్చాలని, దాని బదులు స్కూటీ కొనుక్కోమని మదనపల్లె షాపులో చెప్పారు. ఆ మిట్టకి స్కూటీలు సగంలోనే పొగ కక్కి నిలబడిపోతాయని వాళ్ళకేం తెలుసు.

రేవతి తెప్పించుకున్న సామాను బెంగళూరు నుంచి రైల్లో కుప్పం చేరి, అక్కణ్ణుంచి బస్సులో పుంగనూరు వచ్చింది. అక్కడ నల్లప్ప సైకిలు షాపులో విప్పి చూస్తే, పెద్ద బిళ్ళ అన్నం తినే పళ్ళెమంత ఉంది.

నల్లప్ప ఈ పనిలోకి రాకముందు బావులకు గిలకలు బిగించేవాడు. చక్రం, బిళ్ళలు సరిగ్గానే ఎక్కించాడు, వెనక ఒక క్యారియర్ కూడా బిగించాడు. చైను దగ్గరికి వచ్చేసరికి పాత బుద్ధి పోనిచ్చుకోలేదు. మిట్ట అడుగు దాకా నడిచిపోయి, తలెత్తి పైదాకా చూసి వచ్చి, ఉండాల్సిన దానికంటే పొడుగ్గా కోశాడు.

"యాలాడతాండాది గదన్నా," అంది రేవతి. "సైకిల్ని సూసి గదా కొయ్యాల?"

"బాయికి తాడు కోసేటప్పుడు గిలకను సూసి కోస్తామామ్మా? లోతు సూసి కోస్తాం."

రేవతికి ఒళ్ళు మండింది. కానీ బడి తెరిచేది మర్నాడే. నల్లప్ప చక్రం కింద నిమ్మకాయ పెడితే, దాన్ని తొక్కించి ఇంటికి తోసుకుపోయింది.

మర్నాటి సాయంత్రం యమున కొత్త బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. మిట్ట మొదట్లోనే సైకిలు తూలింది.

"చిన్నమ్మా, దిగాల్నా?"

"దిగితే కాళ్ళిరగ్గొడతా. కూర్సో."

రేవతి మీట నొక్కుతూ నొక్కుతూ పళ్ళెమంత బిళ్ళ దాకా వచ్చింది. వేలాడుతున్న చైను దేన్నో పట్టుకున్నట్టు బిగుసుకుంది. నిండు బొక్కెన తోడుతున్నట్టు పెడలు బరువైంది. సైకిలు ఉన్నచోటే ఉంది. పైనున్న మలుపు తనంతట తానే దిగి ఎదురొచ్చింది, దాని వెనకాలే పల్లె మొదటి ఇల్లు.

పైన వాకిట్లో నిలబడున్న రెడ్డెమ్మకి కాళ్ళ కింద నేల మెల్లగా దిగుతున్నట్టనిపించింది. పక్కనున్న బిందెలో నీళ్ళు తొణికాయి. ఇంకా వెలుతురుండగానే కూతురి తల కనిపించింది. రెడ్డెమ్మకి ఏడుపాగలేదు.

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం మిట్ట కొంత దిగేది. పల్లెలో ఎవరూ దాని గురించి చర్చ పెట్టలేదు. రేవతి వచ్చే వేళకి బిందెలు అంచు దాకా పట్టొద్దని మాత్రం చెప్పుకునేవాళ్ళు. టమోటా రెండో కాపుకి వ్యాను పైదాకా వచ్చింది. ఆ తర్వాత బస్సూ వచ్చింది. యమునతో పాటు ఇంకో నలుగురు ఆడపిల్లలు ఎక్కారు.

బస్సు పోయాక రెడ్డెమ్మ సైకిలు దగ్గరే తచ్చాడింది.

"ఇది నాకిస్తావా మే? ఓపెన్ స్కూల్లో పదికి పేరు రాయించుకుంటా."

రేవతి అక్క మొహం చూసింది. సీటు కిందికి దించి ఇచ్చింది.

"ఏ గేరులో పోవాల?" అంది రెడ్డెమ్మ, చీర కుచ్చిళ్ళు దోపుకుంటూ.

"ఇంక ఏదైనా ఒకటేలే అక్కా. తొక్కు."