ఆలస్యంగా మోగిన గంట

నేను ఒక చేతిగంటను. ఇత్తడి ఒళ్ళు, చెక్క పిడి, లోపల వేలాడే ఇనుప నాలుక. ఆస్ట్రేలియాలో లేక్ మోరన్ అనే చిన్న పట్నంలో, ఒకప్పుడు బ్యాంకుగా ఉండి ఇప్పుడు మ్యూజియం అనిపించుకుంటున్న గదిలో, అద్దాల పెట్టెలో కూర్చుని ఉన్నాను. నా కింద ఒక కార్డు పెట్టారు. దానిమీద రాసింది అబద్ధం. ఆ సంగతి ఇద్దరు మనుషులకే తెలుసని మొన్నటిదాకా అనుకున్నాను. నాకు నోరు లేదనుకోకండి. నోరుంది. వినేవాళ్ళు ఉండాలంతే.

నన్ను పోతపోసింది బల్లారట్ పట్నంలో ఒక కార్ఖానాలో. అక్కణ్ణించి రైలెక్కి కురిల్లా అనే ఊరి బడికి వచ్చాను. ఊరంటే ఏమంత ఊరు? ఎర్రమట్టి, కనుచూపు మేరా గోధుమ చేలు, ఒక రైలు స్టేషను, ఒక చర్చి, ఒక సారాకొట్టు, ఒక ఫుట్‌బాల్ మైదానం. ఎండాకాలం దుమ్ము తినేవాళ్ళు, చలికాలం ఫుట్‌బాల్ తినేవాళ్ళు. పిల్లలు చాలక బడి మూతపడితే నన్ను ఫుట్‌బాల్ క్లబ్బుకి దానం చేశారు. అప్పుడు నేను మురిసిపోయాను. ఎక్కాలు అప్పజెప్పే పిల్లల దగ్గరనుంచి ఆరడుగుల మగాళ్ళను ఆపే ఉద్యోగానికి ఎదిగానన్నమాట.

ఆ ఆట మీకు అలవాటు లేనిది. బంతి గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. కాలితో తంతారు, పిడికిలితో గుద్దుతారు, ఎదుటివాడి భుజాలమీదికెక్కి మరీ గాల్లో పట్టుకుంటారు. రెండు పొడుగాటి స్తంభాల మధ్యనుంచి పోతే ఆరు పాయింట్లు. కాస్త పక్కనుంచి పోతే జాలిపడి ఒకటిస్తారు. వేళ చూడడానికి మెట్లెక్కి వెళ్ళే ఒక రేకుల గది, అందులో రెండు జట్ల తరపునా చెరొక మనిషి. ఒకరినొకరు నమ్మరు గనుక ఇద్దరు. నమ్మకపోయినా ఒకే ఫ్లాస్కులో టీ తాగేవాళ్ళు. వేళ అయిందని గడియారం చెప్పగానే ఆట అయిపోదు. నేను మోగాలి, మైదానం మధ్యలో ఉన్న అంపైర్ చెవికి నేను వినబడాలి, అతను రెండు చేతులూ ఎత్తాలి. అప్పటిదాకా ఆట ఆటే.

ఇంకో ఆచారం కూడా చెప్పాలి. అక్కడివాళ్ళు మైదానం చుట్టూ కార్లూ పికప్ ట్రక్కులూ ముక్కులు లోపలికి పెట్టి నిలుపుకుంటారు. ఎముకలు కొరికే చలి కదా, బండిలోనే కూర్చుని చూస్తారు. తమవాళ్ళు గోల్ కొడితే చప్పట్లు కొట్టరు, హారన్లు కొడతారు. మాట పొదుపు మనుషులు. పెళ్ళాంతో కూడా వారానికి పది మాటలు మాట్లాడని రైతు, శనివారం మధ్యాహ్నం మాత్రం హారన్ మీద చెయ్యి తీసేవాడు కాదు.

మా సాల్ట్‌బుష్ లీగ్‌లో ఆ రోజుల్లో చాలా ఊళ్ళుండేవి. జట్లు గోధుమ బస్తాల రైలుపెట్టెల్లో కూర్చుని పొరుగూరికి ఆడడానికి వెళ్ళేవి. యుద్ధం వచ్చినప్పుడు ఆట ఆగిపోయింది, మళ్ళీ మొదలైనప్పుడు జట్టులో కొత్త మొహాలు కనిపించాయి. పాతవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఆడవాళ్ళు మైదానం పక్కన మట్టిలో గీతలు గీసుకుని, బాస్కెట్‌బాల్‌కి చెల్లెలి లాంటి నెట్‌బాల్ ఆడేవాళ్ళు, ఆడి, చేతులు కడుక్కుని, మగవాళ్ళకి శాండ్‌విచ్‌లు కోసేవాళ్ళు. లీగ్ పేరులో వాళ్ళ ఆటను చేర్చడానికి పెద్దమనుషులకి ఒక తరం పట్టింది.

ఇంతలో కరెంటు సైరన్ వచ్చింది. నన్ను తీసి నెట్‌బాల్ వైపు పడేశారు. పదవి పోయిందని అలిగాను, అబద్ధమెందుకు? కానీ అక్కడే నాకు నోరీన్ దొరికింది.

నోరీన్ మొదట ఆటగత్తె, మోకాలు దెబ్బతిన్నాక వేళ చూసే మనిషి. శనివారం పొద్దున్నే నన్ను తీసుకుని నెట్‌బాల్ కోర్టుకి నడిచేటప్పుడు వేలు లోపల పెట్టి నా నాలుక పట్టుకునేది. దారిలో పొరపాటున మోగితే ఎక్కడో ఎవరిదో ఆట ఆగిపోతుందని ఆవిడ భయం. ఏళ్ళ తరబడి అలా పట్టుకోవడంతో నా లోపల ఒకచోట నునుపు తేలింది. నన్ను అంత మర్యాదగా మోసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆవిడ భర్త క్లారీ. గోధుమ రైతు, ట్రాక్టర్ మోతకి చెవులు సగం పోయినవాడు. శుక్రవారం సాయంత్రమే తన పికప్‌ను మైదానం పక్కన, అక్కడివాళ్ళు మిరియపు చెట్టు అనే పెద్ద నీడచెట్టు కింద నిలిపి నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు, ఆ చోటు ఇంకెవరూ ఆక్రమించకుండా. వాళ్ళ నాన్న గుర్రబ్బండి నిలిపిన చోటట అది. కురిల్లా ఆఖరిసారి కప్పు గెలిచింది కూడా ఆ నాన్న కాలంలోనే. క్లారీ తాను ఆడినన్నాళ్ళూ గెలవలేదు, మానేశాకా గెలవడం చూడలేదు.

తర్వాత ఊళ్ళు చిక్కిపోవడం మొదలైంది. రైలు ఆగిపోయింది. నలుగురి పొలం ఒకడే కొనుక్కుని పెద్ద యంత్రంతో ఒక్కడే దున్నాడు. మిగిలిన ముగ్గురి పిల్లలూ ఎక్కడ ఆడతారు? ఒక్కో ఏడాది ఒక్కో క్లబ్బు లీగ్ నుంచి రాలిపోయింది. మాకు నెట్‌బాల్‌కి ఏడుగురు అమ్మాయిలు దొరక్క, ఆసుపత్రిలో పనిచేసే మీ భీమవరం నర్సు హైమను కూడా లాక్కొచ్చారు. బంతి పట్టడం రాకపోయినా పరుగు మాత్రం బాగా పరిగెత్తేది. నన్ను మొదటిసారి చూసి, "మా బళ్ళో అయితే రైలుపట్టా ముక్క వేలాడదీసి కొట్టేవాళ్ళం, ఇది దొరసానిలా ఉందే," అంది. ఆవిడ ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే వినీ వినీ నాకీ భాష పట్టుబడింది.

చివరికి కురిల్లా వంతూ వచ్చింది. పిల్లల జట్టు లేదు, పెద్దల జట్టుకి సగంమంది అరువు మనుషులు. క్లబ్బు సమావేశంలో చేతులెత్తారు: వచ్చే ఏటినుంచి లేక్ మోరన్‌లో కలిసిపోదామని. లేక్ మోరన్ అంటే మాకు బద్ధశత్రువు. నోరీన్ చెయ్యెత్తింది. క్లారీ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, ఎత్తలేదు, వద్దనీ అనలేదు. ఉన్న ఊరు కన్నతల్లి అంటారు మీరు. ఆ తల్లి పేరు చెరిపేయడానికి చెయ్యెత్తమంటే ఎవరికి చెయ్యి లేస్తుంది?

విచిత్రమేమిటంటే, చావబోయే ఏడాదే మా జట్టు గెలవడం మొదలుపెట్టింది. గెలుస్తూ గెలుస్తూ ఫైనల్‌కి వచ్చింది, అవతల లేక్ మోరన్. లీగ్ పెద్దలు జాలిపడి ఆ ఆటను కురిల్లా మైదానంలోనే పెట్టారు. క్లారీకి అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. ఆ పొద్దున వంటింట్లో బూట్లు తొడుక్కుంటూ అన్నాడు: "కప్పు మీద ఇంకొక్కసారి కురిల్లా అని చెక్కితే చాలు నోర్. తర్వాత ఏ పేరు పెట్టుకున్నా నాకు బాధ లేదు."

"గెలుస్తాంలే," అంది నోరీన్, ఆయన బూటు లేసు కడుతూ.

ఆటలో నాలుగు భాగాలు; ఆఖరిదానికి ముందు, మూడో విరామంలో సైరన్ చచ్చింది. ఎవరు మీట నొక్కినా పలకలేదు. అప్పుడు గుర్తొచ్చాను నేను. నెట్‌బాల్ కోర్టు నుంచి నోరీన్ నన్ను, నాలుక పట్టుకుని, రేకుల గదికి తెచ్చింది. అక్కడ లేక్ మోరన్ తరపున కెన్ కూర్చున్నాడు, రిటైరైన పోస్ట్‌మాన్, నిదానస్తుడు. మా తరపున ఆవిడే కూర్చుంది. ఇద్దరూ గడియారం ముందు పెట్టుకున్నారు.

చివరి నిమిషంలో మేం రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మావాడొకడు, మేకలు కాసుకునే కుర్రాడు, వంకర కోణం నుంచి తన్నాడు. బంతి స్తంభాల మధ్యనుంచి పోయింది. నాలుగు పాయింట్లు ఆధిక్యం. హారన్లు మొదలయ్యాయి. అలాంటి మోత ఆ మైదానం ఎన్నడూ వినలేదు. వచ్చిన ప్రతి బండీ అరిచింది. బంతిని మధ్యకి తెచ్చి మళ్ళీ ఆట మొదలుపెట్టారు. గడియారం ముల్లు వేళకి చేరింది. కెన్ "ఇక చాలు" అన్నట్టు తలూపాడు. నోరీన్ లేచి నిలబడి నన్ను కొట్టింది.

వేళకే కొట్టింది. ఒక్క క్షణం అటూ ఇటూ కాలేదు. రెండు చేతులతో పట్టుకుని బలమంతా పెట్టి కొట్టింది. అంపైర్‌కి వినబడలేదు. ఆపకుండా కొడుతూనే ఉంది. కాసేపటికి హారన్లన్నీ ఆగాయి, ఒక్కటి తప్ప. మిరియపు చెట్టు కింద పికప్‌లో క్లారీ స్టీరింగ్ మీద తలవాల్చి ఏడుస్తున్నాడు. మోచెయ్యి హారన్ మీద ఉంది. ఆ చెవులకి తన హారనే సరిగా వినబడదు, నేనేం వినబడతాను?

లేక్ మోరన్‌వాళ్ళు బంతి అందుకున్నారు. ఒక తన్ను, ఇంకో తన్ను. మూడోది స్తంభాల మధ్యనుంచి పోయింది. క్లారీ తలెత్తాడు. హారన్ ఆగింది. అప్పుడు వినబడ్డాను నేను. అంపైర్ రెండు చేతులూ ఎత్తాడు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

జనం రేకుల గది కిందకి వచ్చారు. కెన్ నోరు తెరవబోయాడు. నోరీన్ అతని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. మెట్ల మీదినుంచి కిందకి చూసి అంది: "నాదే తప్పు. హడావుడిలో గడియారం చూసుకోలేదు. ఆలస్యంగా కొట్టాను."

ఎవరూ తిట్టలేదు. అక్కడివాళ్ళు తిట్టరు. తలలు వంచుకుని బండ్లెక్కారు, అంతే. జనం వెళ్ళాక కెన్ గొణిగాడు: "ఎందుకలా అన్నావ్? నేను చూశాగా."

"ఆయనకి ఎన్నాళ్ళుందో తెలీదు కెన్. ఉన్న నాలుగు రోజులూ ఇది మోస్తూ బతకాలా? నీ నోట ఆ మాట రానీకు."

ఇంటికి పోయేటప్పుడు నేను ఆవిడ ఒళ్ళో ఉన్నాను. చాలాదూరం వెళ్ళాక క్లారీ అన్నాడు: "పోనీలే నోర్. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయి." ఆవిడ వైపు చూడలేదు. రోజూ గేటు దగ్గర హారన్ కొట్టి కుక్కను పిలిచేవాడు. ఆ రోజు హారన్ ముట్టుకోలేదు, తనే దిగి గేటు తీసి కుక్కను పిలిచాడు. దిగులేమో అనుకున్నాను. మర్నాడూ దిగే తీశాడు. తర్వాత కూడా అంతే.

క్లారీ అందరూ అనుకున్నదానికంటే ఎక్కువే బతికాడు, ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ నేను వాళ్ళ వంటింటి అరలో ఉన్నాను. కొత్త క్లబ్బుకి మొదట లేక్ మోరన్–కురిల్లా అని పేరు పెట్టారు, రెండేళ్ళకి రెండో సగం ఊడిపోయింది. నోరీన్‌ని కొత్త క్లబ్బులో వేళ చూడమని ఎవరూ అడగలేదు. కొట్లో కలిస్తే పలకరించేవాళ్ళు, పలకరించి గబగబా వెళ్ళిపోయేవాళ్ళు. వెనకాల "ఆ ఒక్క క్షణం" అనేవాళ్ళు. ఆవిడ పంటిబిగువున ఇంటికొచ్చి, సంచీ బల్లమీద పెట్టి, క్లారీకి టీ కలిపేది. ఆయన తాగేవాడు. కొన్నిసార్లు ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, "టీ బావుంది," అనేవాడు.

ఆయన పోయాక లేక్ మోరన్ వాళ్ళు నన్ను మ్యూజియంకి అడిగి తెచ్చుకున్నారు. కార్డు మీద ఇలా రాశారు: "కురిల్లా క్లబ్బు చివరి ఆటలో ఆలస్యంగా మోగిన గంట." మ్యూజియం తలుపు తెరిచి కూర్చునేది ఎవరనుకున్నారు? కెనే. ప్రతి గురువారం నా అద్దం తుడుస్తాడు, కార్డు వైపు చూడడు.

మొన్న నోరీన్ వచ్చింది. కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చుంది.

"పోయిన నెల రోడ్డుకి గొర్రెలు అడ్డమొచ్చాయి కెన్," అంది. "పికప్ హారన్ నొక్కితే పలకలేదు. గరాజ్‌కి తీసుకెళ్ళాను. తీగ కోసి ఉంది."

"ఎలకలు కొరికాయేమో."

"ఎలకలు టేపు చుట్టవు. రెండు చివర్లకీ నల్ల టేపు ఉంది, చివర మడత పెట్టి. క్లారీ చుట్టే పద్ధతి. దానిమీద ఎన్నేళ్ళ దుమ్మో పేరుకుంది."

 "అయితే తెలుసన్నమాట," అన్నాడు కెన్.

"ఆ రోజునుంచే."

"తెలిసీ ఊరుకున్నాడా? ఊరంతా నిన్ను అంటుంటే?"

"నాకూ కోపమొచ్చింది. గరాజ్ నుంచి ఇంటిదాకా తిట్టుకుంటూనే వచ్చాను." నోరీన్ కళ్ళు తుడుచుకుంది. "చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కెన్. నా కోసం ఆయన, ఆయన కోసం నేను, ఆరేళ్ళు విడివిడిగా ఏడ్చాం. ఒకే ఇంట్లో."

కెన్ లేచి పెట్టె తాళం తీశాడు. "ఈ కార్డు ఇవాళే మార్చేస్తాను."

"వద్దు. మారిస్తే ఆయన పేరు రాయాలి."

కార్డు అలాగే ఉంచి కెన్ నన్ను తీసి ఆవిడ చేతికిచ్చాడు. "ఒక్కసారి కొట్టు నోరీన్. ఎవరూ లేరిక్కడ."

ఆవిడ వేలు లోపలికి పోయింది. నునుపు తేలిన చోటు దానంతటదే దొరికింది. నా నాలుక పట్టుకుని కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. కొడుతుందనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. కొట్టలేదు. అలాగే పట్టుకుని లేచి, చప్పుడు కాకుండా నన్ను కార్డు మీద పెట్టి, అప్పుడు వేలు తీసింది.

మళ్ళీ గురువారం వస్తుంది. దారినపోయేవాళ్ళు ఎవరో లోపలికొచ్చి కార్డు చదివి, "అయ్యో, ఒక్క క్షణం ముందు కొట్టి ఉంటే," అంటారు. కెన్ కిటికీలోంచి బయటికి చూస్తాడు. మీరు ఎప్పుడైనా ఆ దారిన వస్తే మీరైనా అలా అనకండి. వేళకే మోగాను నేను.