మైకు కూసిన సభ

వైశాఖమాసపు సూర్యుడు తన ప్రతాపమునంతయు పగటివేళనే వెచ్చించి పడమటి కొండల వెనుకకు జారిపోవుచుండ, కాగిన పెనమువంటి బజారువీథులు వేడి నిట్టూర్పులు విడుచుచుండ, మల్లెమొగ్గల బుట్టలపై నీళ్లు చిలుకరించుచు పూలమ్మెడి స్త్రీలు కేకలు వేయుచుండ, పార్వతీపురమునందలి వర్తకసంఘమువారి రేకుల మండపము జనసమ్మర్దముచే క్రిక్కిరిసియుండెను. ద్రౌపదీవస్త్రాపహరణ హరికథాగానమునకై విచ్చేసిన భాగవతారిణి మాణిక్యాంబ పట్టుచీర కాసె బిగించి, కాళ్లకు గజ్జెలు కట్టి, మెడను పూలదండ దాల్చి, చిడతలు చేబూని వేదిక నెక్కెను.

మైకులు పల్లెలకు రాకమునుపు తిరునాళ్ల కోలాహలమునుసైతము మీరి కడపటి వరుసవాని చెవిని సోకిన కంఠ మామెది. అందుచే మైకునకు బారెడు దూరమున నిలిచి పాడుట ఆమెకొక బిరుదమువలె అలవాటయ్యెను. ఆమె కుడిప్రక్కన హార్మోనియము వాయించు సోమలింగము ఆమె భర్త, మితభాషి, మెత్తనివాడు.

దుశ్శాసనుడు పాంచాలిని కొప్పు పట్టి యీడ్చుకొని వచ్చు ఘట్టమున మాణిక్యాంబ గళమెత్తినదో లేదో, మైకు కర్ణపుటములు చిల్లులుపడునట్లు కీచుమని కూసెను. ఆడువారు చెవులు మూసికొనిరి. చంకబిడ్డ లేడ్చిరి. వెనుకనుండి యొకడు "దుశ్శాసనుడు ద్రౌపదిని విడిచి మైకును పట్టుకొనెనురా!" యని యరచుటయు మండపమెల్ల నవ్వులతో దద్దరిల్లెను.

మైకుసెట్టు యజమానియగు గవరయ్య పరుగున వచ్చి స్తంభములకు కట్టిన స్పీకరులను జనులవైపు త్రిప్పెను. మిక్సరుమీద కీచుదనము తగ్గించు మీటను దింపెను. ఆమె మరల నెత్తుకొనెను. మైకు మరల కూసెను, ఈమారు మునుపటికంటె వికృతముగా. మాణిక్యాంబ ముఖము జేగురించెను. చేతనున్న చిడతలు వేదికపై విసరికొట్టి గర్జించెను.

"ఓయి గవరయ్యా! నీవు మైకు పెట్టవచ్చితివా, నా పరువు తీయవచ్చితివా? చేతగానివాడవు ఈ పనికేల యొప్పుకొంటివి?"

గవరయ్యయు కోపిష్ఠియే. నలుగురిలో తిట్లు తిని యూరకుండు స్వభావము వానికి లేదు.

"నన్ను తిట్టిన నేమి ఫలమమ్మా? మీ గొంతు మైకునకు అందుటలేదు. మీవారు సైగ చేసినపుడెల్ల నేను ధ్వని పెంచుచున్నాను. పెంచినకొలది స్పీకరులోని పాట మరల మైకులో దూరి, మరల స్పీకరునకు పోయి, గానుగెద్దువలె తిరిగి తిరిగి కూతయగుచున్నది!"

"ఎవరి సైగ?"

గవరయ్య నాలుక కరచుకొని మైకును ఆపివేసెను. సోమలింగము తలయెత్తలేదు. మాణిక్యాంబ అతనిచెంతకు పోయి, జనులకు వినబడకుండ, పండ్లు బిగబట్టి యడిగెను.

"ఎన్నాళ్లనుండి?"

"శీతకాలపు జ్వరమునుండి. నీ కంఠము సన్నగిల్లినది. చెప్పిన నీ గుండె పగులునని..."

"ప్రతిసభ ముగిసినపిమ్మట ఎట్లున్నదని నిన్నే యడిగితిని. ఎప్పటివలెనే యున్నదంటివి. ఊరూరి మైకువానికి తెలిసిన సంగతి నాకొక్కతెకు తెలియకూడదా? నా గొంతు పోవుట దైవికము. నన్నిట్లు నవ్వులపాలు చేయుట మాత్రము నీ పని!"

అంతలో వర్తకసంఘపు పెద్ద వేదికచెంతకు వచ్చి "కథ రేపటికి ఉంచుదమా తల్లీ?" యని వినయముతో నడిగెను. "కూర్చుండుడు!" అని యామె పలికిన పలుకునకు ఆ పెద్దమనిషి నిజముగనే కూర్చుండెను.

"గవరయ్యా! నా ముఖము చూచి నిజము చెప్పుము. ఈ కూత ఎట్లణగును?"

"పెదవులకు బెత్తెడు దూరమున మైకుండవలెను. అపుడు నేను ధ్వని తగ్గింపగలను. మీకు వినబడుటకై పాదములచెంత నుంచిన స్పీకరు మైకువెనుకకు జరుగవలెను. మీరు చిందులు త్రొక్కుచు స్తంభపు స్పీకరు ముందునకు పోరాదు."

కదలక నిలుచుట, మైకును పెదవులకు చేర్చుకొనుట, రెండును ఆమెకు తల తీసినట్లే యుండెను. అయినను తానే మైకుకొయ్యను తన చెంతకు లాగికొనెను. గవరయ్య స్పీకరు జరిపి, మీట దింపి, మైకు తెరచి, మెల్లమెల్లగా పెంచుచు, కూత తొంగిచూచుటతోడనే వెనుకకు తగ్గించి నిలిపెను.

"శ్రుతి దింపుము," అని యామె భర్తవైపు చూడకయే యనెను.

"దింపిన జనులు కనిపెట్టుదురు."

"కనిపెట్టనిమ్ము! దింపెదవా, శ్రుతి లేకయే పాడనా?"

సోమలింగము శ్రుతి దింపెను. అంతట మాణిక్యాంబ, నిండుసభలో కన్నులెదుట జరుగు అన్యాయమునకు నోరు మెదపని భర్తలను ద్రౌపది నిలదీయు ఘట్టము నెత్తుకొనెను. ఎలుగెత్తలేదు. గజ్జె కదపలేదు. నివురులోని నిప్పువంటి మందస్వరముతో ఒక్కొక్క మాటయు విడదీసి, ప్రక్కనున్న మనుష్యునితో నన్నట్లు పలికెను. వెనుకనుండి యరచి నవ్వించినవాడు తలవంచెను. ముదుసళ్లు కొంగులతో కన్నులొత్తుకొనిరి. హార్మోనియముమెట్లపై బొట్లు బొట్లుగా పడినది చెమటయో కన్నీరో సోమలింగమునకే తెలియును.

మంగళహారతి ముగిసినంతట జనులు మూగి కొనియాడిరి. ఎట్లుండెనని ఆమె ఆనాడు భర్త నడుగలేదు. ఆతడును, ఎప్పటివలెనే యున్నదనలేదు. దీపములార్పుచుండ, సోమలింగము హార్మోనియపు పెట్టె నొంటిగా నెత్తబోయి తూలెను. మాణిక్యాంబ కోపము చల్లారని ముఖమును అవతలికి త్రిప్పుకొనియే రెండవవైపు పిడి నందుకొనెను. ఆ బరువును నడుమనుంచుకొని ఇరువురును ఒక్క అడుగుగా మెట్లు దిగిరి.