గొర్రు దెబ్బ

ఎవరు అడిగినా పిల్ల పొలంలో గొర్రు పళ్ళ మీద పడిందనే చెప్పాలి. ఊరు విడిచి ఆదోనికి చేరిన రోజున బసవరాజు కృపమ్మకు నేర్పిన మాట అది. ఆమె కూతురు శ్వేత కాల్లో దిగింది నాటుబాంబు ముక్కలని అక్కడున్న అందరికీ తెలుసు.

గోనెగండ్ల అవతల వాళ్ళ ఊళ్ళో బసవరాజుది ఒక వర్గం, లక్ష్మప్పది ఇంకో వర్గం. బసవరాజు మనుషులు పొలం గట్టున మాదన్నను నరికేశారు. మాదన్న లక్ష్మప్ప మనిషి. అందుకు బదులుగా వాళ్ళు బాంబులు పట్టుకొని వచ్చారు. బసవరాజు మేడకు ఇనుప గేటుంది, అతని కూలీల వీధికి గేటెక్కడిది? కాబట్టి వీధిలోనే వేసిపోయారు. కృపమ్మ మొగుడు మారెప్ప ఏ వర్గంలోనూ లేడు. కానీ ఎవరి చేలో కూలికి పోతే వాళ్ళ మనిషేనని ఆ ఊరి లెక్క.

వీధంతా కదిలి ఆదోనికి వస్తే పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య ఒక ఖాళీ గోడౌను తాళం తీసిచ్చాడు. రెండు వర్గాల పత్తీ కొనేది ఆయనే, ఆయనకు ఇద్దరూ కావలసినవాళ్ళే. లోపల దూది నలుసులకు అందరూ ఒకటే దగ్గు. కుళాయి వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు లేదు. పిల్లలకు వాంతులు, విరేచనాలు. నెలలు నిండిన లక్ష్మమ్మ మరుగు లేక చీకటి పడేదాకా కడుపు పట్టుకొని కూర్చునేది. మందూ మాకూ అడిగే దిక్కు లేదు. ఒక్క రాజీ అయిందంటే అందరూ ఇళ్ళకు పోవచ్చని బసవరాజు చెప్పిన మాట పట్టుకొనే బతుకుతున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు పిల్ల కాలు చూసి, "ఎలా తగిలిందమ్మా?" అన్నాడు.

"గొర్రు మీద పడింది సార్."

"లోపల ఏమైనా దిగి ఉంటుందా? ఎక్స్‌రే తీయించమంటావా?"

కృపమ్మ గొంతు దాకా వచ్చింది నిజం. వాకిలి దగ్గర బసవరాజు మనిషి నాగేష్ నిలబడి ఉన్నాడు. "బాంబు అంటే డాక్టరు పోలీసోళ్ళకు సెప్తాడు. కేసయితే రాజీ కాదు. రాజీ కాకుంటే మీరెవురూ ఊరి మొగం సూడలేరు" అని దారి పొడుగునా చెప్పుకొచ్చాడు వాడు.

"ఏం దిగలే సార్" అంది కృపమ్మ.

డాక్టరు పిల్లనూ అడిగాడు. శ్వేత తల్లి మొహం చూసి, "గొర్రు" అంది. అమ్మ చెప్పిన మాట జవదాటే పిల్ల కాదది. జవదాటే పిల్లయినా బాగుండేది.

కడిగి, కుట్లు వేసి, సూది మందిచ్చి పంపారు. రెండు రోజులకు కాలు బుస్సున వాచింది. కట్టు విప్పితే పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు.

"పోయి నిజం సెప్పేస్తా" అని లేచింది కృపమ్మ.

మారెప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నాల్గు దినాల్లో రాజీ అంట. ఓర్సుకోవే."

"మా పిల్లోళ్ళు గూడా ఈడనే సస్తాండారు కదక్కా. నా కాన్పు ఈ దూదిలోనే కావల్లనా?" అని లక్ష్మమ్మ కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

కృపమ్మ ఓర్చుకుంది. ప్రార్థన చేసుకుంటూ, తడిగుడ్డ వేస్తూ ఓర్చుకుంది. ఆ నాలుగు రోజుల్లో రాజీ కాలేదు. లక్ష్మప్ప ఇంట్లో మనవడి పుట్టువెంట్రుకలట, వాయిదా వేసుకున్నారు. ఇళ్ళున్నవాళ్ళకు వేడుకలుంటాయి మరి.

పిల్ల ఒళ్ళు తెలియకుండా వణకడం మొదలుపెట్టాక కర్నూలుకు తీసుకుపోయారు. అక్కడా గొర్రు మాటే చెప్పారు. వాళ్ళు గాయం కోసి రెండు మేకులు, ఒక గాజుపెంకు బయటికి తీశారు. అప్పటికే విషం ఒళ్ళంతా పాకింది. మర్నాడు పొద్దున శ్వేత చచ్చిపోయింది. ఊళ్ళో తమ సమాధుల దగ్గరికి తీసుకుపోయే వీలు లేక ఆదోనిలోనే ఎవరివో సమాధుల మధ్య పూడ్చారు. పాస్టరుకు కూడా గొర్రు దెబ్బేనని చెప్పారు.

రాజీ చివరికి ఇంద్రసేనయ్య ఇంట్లోనే జరిగింది. మేడ మీద జంపఖానాలు పరిచారు. వంటింట్లోంచి బెల్లం ఓళిగలు కాల్చే వాసన వస్తోంది, మాట తేలాక రెండు వర్గాలూ ఒకే పంక్తిలో కూర్చొని తినాలి. తినేముందు, పోయినవాళ్ళ ఇంటి మనిషి వచ్చి ఇక పగ లేదని తన నోటితో చెప్పాలి. అది లేకుండా ఆ వైపు రాజీ అయింది లేదు. అందుకే మాదన్న పెళ్ళాం ఎల్లమ్మ వచ్చింది, కృపమ్మనూ రమ్మన్నారు. ఎందుకో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బసవరాజు గొంతు సవరించుకున్నాడు. "మాదన్న పోయినాడు, కాదనను. మా పక్క మీ బాంబుకు పసిబిడ్డ పోయింది. ఒగటికి ఒగటి సరి." జేబులోంచి పొట్లం తీసి జంపఖానా మీద విప్పాడు. రెండు మేకులు, గాజుపెంకు. కర్నూల్లో మారెప్ప అడిగి తెచ్చుకున్నవే, ఈయన చేతికి ఎప్పుడు పోయాయో! బసవరాజు కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. "ఇదో, తల్లి ఈడే ఉంది. సెప్పమ్మా."

కృపమ్మ మేకుల వంక చూసింది. తన బిడ్డ బతికి ఉండగా పనికిరాని నిజం ఇప్పుడు వీళ్ళ పంక్తి భోజనానికి పనికొచ్చింది.

"లేదప్పా. నా బిడ్డ బాంబుకు పోలే. గొర్రు మీద పడి పోయింది."

"ఏం మాట్లాడతాండావే?"

"నువ్వే కదప్పా సెప్పమన్యావు. డాక్టరుకు అదే సెప్పినా. పాస్టరయ్యకు అదే సెప్పినా. సచ్చేదాకా బిడ్డతో గూడా అదే సెప్పించినా. ఇబ్బుడు నీ కోసరం యాడ మార్చేది?"

లక్ష్మప్ప లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "తల్లే కాదంటాంది. అట్లయితే మా మాదన్నకు బదులేం లేదు బసవరాజూ." అతని మనుషులంతా లేచారు. ఎల్లమ్మ ఒక్కతే గుమ్మం దగ్గర ఆగి కృపమ్మ వైపు కాసేపు చూసి పోయింది. ఓళిగలు ఎవరూ ముట్టలేదు.

కింద వాకిట్లో మూటలు కట్టుకొని కూర్చున్న జనానికి సంగతి చేరింది. మారెప్ప అందరి ముందూ ఆమెను చెంప మీద కొట్టాడు. గోడౌనులో కన్న పసికందును ఎత్తుకొని లక్ష్మమ్మ, "అందర్నీ ముంచితివి కదక్కా" అని ఏడ్చింది. జంపఖానా మీద వదిలేసిన మేకులు, గాజుపెంకు అప్పటికే కృపమ్మ కొంగు ముడిలో ఉన్నాయి.

మూటలు మళ్ళీ గోడౌనుకే చేరాయి. సాయంత్రం కుళాయి వచ్చింది. కృపమ్మ బిందెను ఎవరో వరుసలోంచి తీసి పక్కన పెట్టారు.