జానకి పంచిన బెల్లం

"ఈయన మీకేమవుతాడండీ?" అని అడిగాడు నాగరాజు.

కోదాడ బస్టాండుకు ఎదురుగా, పాస్‌పోర్టు, వీసా దరఖాస్తులు నింపే ఆ ఇరుకు కొట్టులో అతను రోజూ ఎవరో ఒకరిని అడిగే ప్రశ్నే అది. జానకి కుర్చీలో సర్దుకుని కూర్చుని, "నా మనిషి" అంది.

నాగరాజు వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "అంటే... చుట్టమా?"

"చుట్టమైతే చుట్టమనే చెప్తుంటి గద. నేను పెండ్లి చేసుకోబొయ్యే మనిషి. నన్ను సూడనీకె వస్తుండు. గట్లనే రాయి."

నాగరాజు చెడ్డవాడు కాదు. అప్పట్లో జానకి కువైట్ వెళ్ళినప్పుడు పాస్‌పోర్టు దగ్గర్నుంచి విమానం టిక్కెట్టు దాకా అన్నీ అతనే చూశాడు. ఆ గుర్తుతోనే ఆమె సూర్యాపేటలో జొన్నరొట్టెల బండి ఒకపూట మూసేసి, బస్సెక్కి ఇంతదూరం వచ్చింది. అతనికి ఆమె మీద గౌరవం ఉంది, దాంతోపాటు గౌరవం ఉన్నవాళ్ళను ఇబ్బందుల్లోంచి తప్పించాలనే తాపత్రయమూ ఉంది. ఆ తాపత్రయంతోనే గొంతు తగ్గించాడు.

"నా మాట వినండమ్మా. టూరిస్టు వీసానే కదా, ఫ్రెండ్ అని కొట్టేద్దాం. సాగర్ దగ్గర బుద్ధుడి స్తూపాలు చూడ్డానికి వస్తున్నాడందాం. శ్రీలంక వాళ్ళు బోలెడుమంది వస్తుంటారు. ఎవరూ ఏమీ అడగరు."

"బుద్ధుని సూడనీకె వస్తే బుద్ధునికాడ్నే ఉంటడు. నా ఇంట్ల ఎందుకుంటడు?"

నాగరాజు తెర మీద ఉన్న ఫోటో వైపు చూశాడు. నెరిసిన జుట్టు, పక్కకు దువ్విన పాపిట, పేరు సుమనపాల.

భర్త పోయిన ఏడాదే లంబాడీ తండా పెద్దలు జానకిని మరిదికి కట్టబెడదామన్నారు. ఆ మరిది మెలకువగా ఉన్న వేళకన్నా తాగి పడిపోయిన వేళే ఎక్కువ. ఆమె ఒప్పుకోలేదు. పిల్లలు లేరు, ఆపేవాళ్ళూ లేరు. కువైట్‌లో ఒక ఇంట్లో వంటకు కుదిరింది. ఆ ఇంటి డ్రైవరే సుమనపాల. ఒకరోజు కాగిన నూనె మీదపడి ఆమె చేయి మోచేతి దాకా బొబ్బలెక్కింది. చుట్టాలు వచ్చే వేళ, వంట ముగించి దవాఖానకు పొమ్మంది యజమానురాలు. సుమనపాల కారు తాళాలు బల్ల మీద పెట్టి, ముందు ఈమెను దవాఖానకు తీసుకెళ్తేనే బండి కదులుతుందని చెప్పాడు. ఆమె చేతికి కట్టు పడింది, అతని ఉద్యోగం పోయింది.

శ్రీలంకలోని ఇంటికి తిరిగి వెళ్ళిన ఆ మనిషి అప్పట్నుంచి ప్రతి ఉదయం ఫోను చేస్తాడు. ఇద్దరిదీ కలగాపులగపు భాష, సగం అరబ్బీ, సగం హిందీ. ప్రేమ అనే మాట జానకికి సినిమా మాటలా అనిపించి సిగ్గేస్తుంది. కానీ ఆమెకు అతని మీద ఉన్నది అదే, ఇంకో పేరేమీ లేదు.

"సరే, మీ ఇష్టం" అన్నాడు నాగరాజు. "కానీ ఇక్కడ మనవాళ్ళ పేరూ, చిరునామా ఇవ్వాలి. మీ ఆధార్‌లో ఉన్నది తండా చిరునామా, మీ తమ్ముడి ఇల్లు. పోలీసులు ఆరా తీయడానికి అక్కడికి వెళ్తే, ఆయన 'ఎవరో మాకు తెలీదు' అన్నాడంటే అంతే సంగతులు. ముందు మీ తమ్ముణ్ణి తీసుకురండి."

తమ్ముడు హరిలాల్ మిర్యాలగూడలో రైస్‌మిల్లు లారీ నడుపుతాడు. మిల్లు గేటు ముందు, ఊకదుమ్ము మధ్య అక్క చెప్పినదంతా విని, అటూ ఇటూ చూశాడు.

"రావద్దంటలేనక్కా. సప్పుడు గాకుండ రమ్మంటున్న. నా దోస్తని రాపియ్యి. మిల్లులు సూడనీకె వచ్చిండని చెప్త. ఎవడొచ్చి అడిగినా నేను జూసుకుంట."

"దొంగలెక్క వచ్చేటందుకు వీసా ఎందుకురా?"

"మరేం జెయ్యమంటవ్? నాయక్ ముందర బెల్లం తినకుండ ఎవనికెవడు చుట్టం? గాయన మనకేమైతడని చెప్పాలె నేను?"

హరిలాల్ ఆ మాట వాదన ముగించడానికే అన్నాడు. జానకికి మాత్రం అక్కడే అసలు ఆలోచన మొదలైంది.

తండాలో సంబంధం కుదిరితే, తండాకు పెద్ద అయిన నాయక్ ఇంటి ముందు పెద్దలు కూర్చుని బెల్లం తింటారు. తిన్నారంటే మాట ఖాయం. ఆ తర్వాత కాదన్నవాడు తప్పు కింద జరిమానా కట్టాలి. మాటలన్నీ ముందే అయిపోతాయి గనుక, పళ్ళెం రాగానే ముందు నోట్లో వేసుకోవడం, తర్వాత తీరిగ్గా ఎవరి సంబంధమని అడగడం అక్కడి అలవాటు. పంచేది మగవాళ్ళు, తినేది మగవాళ్ళు. జానకి మొదటి పెళ్ళికి వాళ్ళు బెల్లం తింటున్నప్పుడు ఆమె మిర్చి చేలో కలుపు తీస్తోంది. ఇంటికొచ్చేసరికి అందరి నోళ్ళూ తీపి, ఆమెకు పలుకు కూడా మిగల్లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి తలచుకుంటే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఆదివారం పొద్దున సూర్యాపేటలో మంచి బెల్లం కొని, స్టీలు పళ్ళెంలో ముక్కలు చేసుకుని, నెత్తి మీద కొంగు కప్పుకుని తండాకు బయల్దేరింది. నాయక్ తులసీరాం ఇంటి ముందు వేపచెట్టు నీడన పంచాయితీ నడుస్తోంది. ఎవరి మేకలో ఎవరి పత్తిచేనో మేశాయట. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. జానకి వెళ్ళి పళ్ళెం తులసీరాం ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

ముసలాయన మేకల యజమానిని తిడుతూనే ఒక ముక్క నోట్లో వేసుకుని పళ్ళెం పక్కకు జరిపాడు. అది చేతులు మారుతూ పోయింది. వెనక వరసలో ఫోను చూసుకుంటున్న హరిలాల్ తలెత్తకుండానే ఒక ముక్క తీసుకున్నాడు.

"మంచిగుంది బెల్లం" అన్నాడు తులసీరాం తండా భాషలో, వేళ్ళు నాక్కుంటూ. "ఎవరి సంబంధం?"

"నాది కాకా."

దవడలన్నీ ఆగిపోయాయి.

"పిలగాడు?"

"సుమనపాల. శ్రీలంక."

ఒకడు ఉమ్మేయబోయాడు. తులసీరాం వాడిని గుడ్లురిమి చూశాడు. నాయక్ వాకిట్లో బెల్లం ఉమ్మడమంటే నాయక్ మొహం మీద ఉమ్మినట్టే. వాడు కిక్కురుమనకుండా మింగాడు. ముక్క గొంతుకడ్డం పడి హరిలాల్ దగ్గుతున్నాడు.

"ఆడది బెల్లం పంచుడేందే?" అన్నాడు తులసీరాం. "నీ దిక్కు పెద్దమనుషులెవరు?"

"నా దిక్కు నేనే వచ్చిన. మొదటిపాలి నన్ను అడగకుండ మీరు తిన్నరు, నేను కాపురం జేసిన. ఒక్కనాడన్న కాదన్ననా? ఇప్పుడు మిమ్ముల అడగకుండ నేను పంచిన, మీరు తిన్నరు. కాదంటరా? అనుండ్రి మరి. తిని కాదన్నోళ్ళకు తప్పెంతనో నువ్వే చెప్పు కాకా, గా కట్టడి పెట్టిన నాయక్‌వు నువ్వే."

ఇన్నాళ్ళు మింగిన మాట ఒక్కసారిగా బయటికొచ్చింది.

తులసీరాం మీసం దువ్వుకున్నాడు. తన నోటి తీపి తనకు ఇంకా తగులుతూనే ఉంది. కాదంటే తన కట్టడి తనే తెంచుకున్నట్టవుతుంది. అందుకని ఇంకో మెలిక పెట్టాడు. "మరి పిలగాని దిక్కు తినాలె గద. గాళ్ళేరి?"

జానకి కొంగు ముడిలోంచి ఫోను తీసి వీడియో కలిపింది. సుమనపాల తెల్ల చొక్కా వేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు, పక్కన అతని అక్క. ఇద్దరూ చేతులు జోడించి, ముదురు రంగు ముక్కలు నోట్లో వేసుకున్నారు.

నాయక్ ఫోను దగ్గరికి వంగి చూశాడు. "గంత నల్లగున్నది, బెల్లమేనా?"

"బెల్లమే కాకా, తాటిబెల్లం అసొంటిది. చెట్టు వేరు, అంతే."

మేకల యజమాని కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఇద్దరు ముగ్గురికి అంటుకుంది. అందరికీ కాదు, కొందరు లేచి తువ్వాళ్ళు దులుపుకుని వెళ్ళిపోయారు. ఖాళీ పళ్ళెం తిరిగి జానకి దగ్గరికొచ్చింది. అడుగున మిగిలిన పొడిని ఆమె వేలికద్దుకుని నోట్లో పెట్టుకుంది. తన సంబంధం బెల్లం ఆమె తినడం అదే మొదటిసారి.

సోమవారం కోదాడ కొట్టులో హరిలాల్ అక్క పక్కన కూర్చున్నాడు. నాగరాజు అతని ఆధార్ కార్డు తీసుకుని వివరాలు కొట్టాడు.

"పెళ్ళి సంగతి రాస్తే ప్రశ్నలు రావచ్చండీ. ఆపినా ఆపొచ్చు" అన్నాడు జానకితో.

"ఆపితే మల్ల పెడ్త. గిదే మాట రాసి పెడ్త. వాళ్ళకు ఇసుగొచ్చేదాక పెడ్త."

నాగరాజు నిట్టూర్చి హరిలాల్ వైపు తిరిగాడు. "ఈయన మీకేమవుతాడండీ?"

హరిలాల్ అక్క వైపు చూశాడు. జానకి అతని వైపు చూడలేదు. ఏం చెప్పాలో కళ్ళతో కూడా చెప్పదలచుకోలేదు. సాయం చేద్దామని నాగరాజే అందుకున్నాడు. "ఫ్రెండ్ అని వేసేయనా?"

"ఫ్రెండేంది?" హరిలాల్ కసురుకున్నాడు. "నలుగుట్ల బెల్లం తిన్నం. మా బావ. రాయి."