చివరి బెంచీలో ఆయన

నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వెనకనుంచి, "కాలర్ దగ్గర మడత అలాగే ఉంది. ఇవాళ మూడో పీరియడ్ నీ క్లాసుకొస్తున్నా. పెళ్ళానివని మార్కులు వెయ్యను," అన్నారు. కాలర్ మీద మడత లేదు. అయినా మళ్ళీ ఇస్త్రీ పెట్టాను. ఇంట్లో మొగుడూ ఆయనే, స్కూల్లో హెడ్మాస్టరూ ఆయనే. పొద్దుటినుంచి రాత్రిదాకా ఒకే మనిషికి భయపడటంలో ఒక సుఖముంది. బట్టలు మార్చుకున్నట్టు భయం మార్చుకోనక్కర్లేదు.

ఆయన చెయ్యి చేసుకునే రకం కాదు. మా అత్తగారు దాన్నే గొప్పగా చెప్పుకుంటారు. "నోరేగా, చెయ్యి కాదుగా," అంటారు. ఆ నోటికి నా కంచంలో అన్నం ఎన్నిసార్లు చల్లారిపోయిందో ఆవిడకి తెలుసు. ఫోన్లో మా అక్కతో కాస్త చెప్పుకున్న రోజున, "ఇంటి గుట్టు లంకకు చేటమ్మా," అని మెత్తగా మందలించారు. అప్పట్నుంచి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మూడో పీరియడ్. ఎనిమిదో తరగతి. ఆయన వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. మా అమ్మాయి రెండో వరసలో ఉంది. కారణాన్నీ దాని ఫలితాన్నీ 'విచ్' పెట్టి ఒకే ఇంగ్లీషు వాక్యంగా రాయడం పాఠం. ముందు జరిగింది చెప్పి, కామా పెట్టి, 'విచ్ మేడ్' అంటూ దానివల్ల ఏమైందో చెప్పాలి. బోర్డు మీద రాస్తుంటే నా అక్షరాలు పైపైకి పాకుతున్నాయి. వెనక పెన్ను టక్కుమంది. పాఠం మాత్రం నాకు కంఠతా వచ్చు.

పిల్లలు చెప్పిన వాక్యం ఏదైనా ఉన్నదున్నట్టు బోర్డు మీద రాయాలి, తప్పుంటే తర్వాత అందరూ కలిసి దిద్దాలి. మా స్కూల్లో ఈ పద్ధతి పెట్టింది ఆయనే. ఒకడు వాన పడటం వల్ల ఆట ఆగిందన్నాడు. ఇంకో అమ్మాయి, తమ్ముడు సబ్బు తినడం వల్ల డాక్టరుకి నవ్వొచ్చిందంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. భయం కాస్త సర్దుకుంది. అప్పుడు మా అమ్మాయి లేచింది.

"మై ఫాదర్ కేమ్ హోమ్, విచ్ మేడ్ మై మదర్ స్టాప్ సింగింగ్."

నాన్న ఇంటికొచ్చాడు, దాంతో అమ్మ పాట ఆపేసింది.

నిజమే. గిన్నెలు తోముతూ పాడుకుంటాను. గేటు దగ్గర స్కూటర్ ఆగగానే గొంతు దానంతటదే మూతపడుతుంది. పెళ్ళైన కొత్తలో, "ఏం, కచేరీ పెట్టావా?" అన్నారు. ఆ ఒక్క మాటకి ఇన్నేళ్ళు. పాట వినపడుతుంది గానీ పాట ఆగడం ఎవరికి వినపడుతుందిలే అనుకున్నాను. హోంవర్కు చేసుకుంటూ పిల్ల అదే వింటోందన్నమాట.

చివరి బెంచీలో పెన్ను ఆగింది. ఆయన నన్ను చూడటం లేదు, పిల్లని చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. సాయంత్రం ఇంట్లో తలుపు వేశాక ఏమవుతుందో కూడా తెలుసు. "ఇంకోటి చెప్పమ్మా," అని నవ్వేస్తే సరిపోతుంది. ఎవరికీ ఏమీ అనిపించదు. పిల్ల కూర్చోబోతున్నదల్లా నా ముఖం చూసి ఆగి, "తప్పా టీచర్?" అంది. స్కూల్లో నన్నలాగే పిలుస్తుంది. అప్పటిదాకా ఖంగుమన్న గొంతు పీలగా అయిపోయింది. తప్పంటే, ఇవాళ్టినుంచి దాని పాటా ఆగిపోతుంది.

సుద్దముక్క విరిగింది. చేతిలో మిగిలినదానితోనే రాశాను, ఒక్క అక్షరం వదలకుండా. "ఇందులో తప్పేమైనా ఉందా?" అని క్లాసుని అడిగాను.

"లేదు టీచర్!" అని అందరూ ఒక్కసారే అరిచారు.

గంట కొట్టారు. ఆయన లేచొచ్చి, నా పక్కన ఆగి, పిల్లలకి వినపడకుండా, "బోర్డు తుడిచెయ్యి," అన్నారు.

డస్టర్ బల్ల మీదే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

"వచ్చే పీరియడ్ కూడా నాదే సార్," అన్నాను.