గోమార్ల మందు

పూరీల పిండి తడపబోతుంటే అత్త యశోదమ్మ వంటగది గడప దగ్గర నిలబడి, "చేతులు మళ్ల కడుక్కో జ్యోతీ" అన్నది. అప్పటికే కడుక్కున్న చేతుల్ని అరుణజ్యోతి మళ్లీ సబ్బుతో రుద్దుకుంది. పెళ్లిచూపులప్పుడు పిల్ల డాక్టరని ఊరంతా చెప్పుకుని మురిసిన ఇల్లే ఇది. పశువుల డాక్టర్ అన్న ముక్కను మాత్రం మింగేశారు. ఇబ్రహీంపట్నం బస్ డిపో దగ్గర ఆమె సొంతంగా క్లినిక్ తెరిచిన రోజు భర్త హరీశ్ నవ్వి, కుక్కలకూ దవాఖానానా అన్నాడు. అలాంటి మాటలకు జవాబు చెప్పడం ఆమె ఎప్పుడో మానేసింది. ఆదివారం క్లినిక్‌కు సెలవు, తుర్కయాంజాల్ ఫ్లాటులో ఆమెకు మాత్రం కాదు. ఇవాళ హరీశ్ ఆఫీసువాళ్లు భోజనానికి వస్తున్నారు.

కూరలు దించుతుండగా ఫోన్ మోగింది. యాచారంలో మేకలు పెంచే మైసమ్మ. ఆమె మందకు వైద్యం చేసేది అరుణజ్యోతే.

"డాక్టరమ్మా, మా కుక్క గజగజ వణుకుతున్నది. నోట్లకెల్లి నురగొస్తున్నది. గోమార్లు పట్టినయని మా ఆయన పత్తికి కొట్టే మందు దాని ఒంటికి రుద్దిండు."

రక్తం పీల్చే ఆ పురుగులు చావాలని రుద్దిన మందు తోలు గుండా కుక్క ఒంట్లోకే దిగిందన్నమాట. చేతులకు కవర్లు తొడుక్కుని కుక్కను సబ్బునీళ్లతో బాగా కడగమని, నోట్లో పాలు పోయొద్దని, వెంటనే ఆటోలో క్లినిక్‌కు తెమ్మని చెప్పి, స్టవ్ ఆపి స్కూటీ తాళం అందుకుంది.

"ఒక్క కుక్క కోసం గిట్ల ఇడిచిపెట్టి పోతవా?" అన్నాడు హరీశ్.

"పోకపోతే సచ్చిపోతది" అంది, చెప్పులు వేసుకుంటూ.

ఆటోలోంచి దించేసరికి కుక్క కాళ్లు కొట్టుకుంటున్నాయి. కంటిపాపలు ఆవగింజంత అయ్యాయి. వణికే కాలిని మైసమ్మ పట్టుకుంటే అరుణజ్యోతి నరం వెతికి సూది గుచ్చింది. గుండె చప్పుడు విని, కాసేపు చూసి, మళ్లీ మందు ఎక్కించింది. ఇంట్లో ఎన్నిసార్లు కడిగినా శుభ్రం కాని చేతులివి. ఇక్కడ ఒక్కసారీ తడబడలేదు. ఊపిరి నెమ్మదిగా దారిలో పడింది. కాసేపటికి కుక్క తల ఎత్తి మైసమ్మ మోచేతిని నాకింది. మైసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అరుణజ్యోతికి గుండె నిండినట్టయింది. ఇది నేను చేసిన పని అనుకుంది, ఎవరూ అనకముందే.

సాయంత్రం దాకా కుక్కను అక్కడే ఉంచాలంది. పొలం మందు మళ్లీ ముట్టించొద్దని, గోమార్లకు బరువును బట్టి వేసే మందు వేరే ఉందని, కుక్క కోలుకున్నాక తానే వేస్తానని చెప్పింది. గోడ పగుళ్లలో, మంచం నులకలో అవి గుడ్లు పెడతాయి, ఆ చోట్లన్నీ శుభ్రం చేయమంది. కుక్క చిగుళ్లు పాలిపోయి ఉన్నాయి. కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు కూడా కావాలి. ఏం పెడుతున్నారని అడిగింది.

"మేం తిన్నంక ఏమన్న మిగుల్తే పెడ్తం. చారు మెతుకులు, ఒక్కోనాడు గవి గూడ ఉండయి."

"మిగిలింది కాదు మైసమ్మా. దాని కోసమని తీసిపెట్టాలె. గుడ్డు, ఉడకబెట్టిన మాంసం ఇంత అన్నంల కలుపు. ఉల్లిగడ్డ వద్దు, గొంతుల గుచ్చుకునే ఉడికిన బొక్కలు వద్దు. రాత్రంతా మంద కాసే జీవం గద."

చెబుతుండగానే ఆమె గొంతు నెమ్మదించింది. అందరికీ వడ్డించి, గిన్నెల అడుగున మిగిలింది నిలబడే తినే ఆడమనిషి ఒకతె కళ్ల ముందు మెదిలింది. పొద్దున లేస్తే పనే, పెళ్లైనప్పటినుంచీ అంతే. తన కోసమని ఎన్నడూ ఒక ముద్ద తీసిపెట్టుకోలేదు. కుక్కకు రాసిచ్చే మాట తనకెందుకు చెప్పుకోలేదో ఆమెకే తెలియలేదు.

"నువ్వు తిన్నవా తల్లీ?" అని అడిగింది మైసమ్మ. లేదనగానే మూట విప్పి జొన్నరొట్టె, పచ్చిపులుసు బయట పెట్టింది. ఇద్దరూ చేతులు కడుక్కుని, కుక్క పక్కనే నేల మీద కూర్చున్నారు.

రెండో ముక్క నోట్లో ఉండగా హరీశ్ ఫోన్ చేశాడు. ఆఫీసువాళ్లు వచ్చి కూర్చున్నారని, ఎంతసేపని, వాళ్లకు ఎవరు పెట్టాలని గుక్క తిప్పుకోకుండా అడిగాడు.

అరుణజ్యోతి తొందరపడలేదు. నమిలి మింగింది.

"కూరలైనయి. పూరీలు మీరే చేసుకోన్రి" అంది. "నేను తింటున్న."